బీన్స్ తీగ – పెంపుడు కుక్క

సింగపూర్ జనాభాలో నూటికి సుమారు ఎనభై మంది హౌసింగ్ బోర్డు కట్టిన ఫ్లాట్లలో ఉంటారు. వాళ్లకు పెరడు ఉండదు. మొక్కలు పెంచుకోవాలన్న కోరిక మాత్రం మనిషిని వదలదు కదా! అందుకే కారిడార్ గోడ వెంట, వంటింటి కిటికీ అంచున, బట్టలారేసే చోట పక్కన కుండీలు వరసకట్టి కనిపిస్తాయి. అగ్నిమాపక నిబంధనల ప్రకారం కారిడార్‌లో 1.2 మీటర్ల దారి వదలాలి కాబట్టి, మిగిలిన ఆ కాస్త జాగాలోనే తోట సాగాలి. ప్రభుత్వం కూడా ఈ సరదాను ప్రోత్సహించింది. నేషనల్ పార్క్స్ బోర్డు 2005లో ఇరుగుపొరుగు కలిసి పెంచే సామూహిక తోటల కార్యక్రమం మొదలుపెట్టింది. 2016లో హార్ట్‌పార్క్ అనే ఉద్యానవనంలో రెండున్నర మీటర్ల పొడవు, మీటరు వెడల్పు ఉన్న మడులను అద్దెకు ఇవ్వసాగింది. 2020లో కోవిడ్ రోజుల్లో, అడిగిన ఇళ్లకల్లా కూరగాయ విత్తనాల పొట్లాలు ఉచితంగా పంపింది.

ఆ ఫ్లాట్లలోనే కుక్కలూ ఉంటాయి. హౌసింగ్ బోర్డు ఇంటికి ఒక్క కుక్కనే, అదీ అనుమతించిన చిన్న జాతుల కుక్కనే ఒప్పుకుంటుంది. వీధుల్లో పుట్టిన మిశ్రమ జాతి కుక్కలకూ ఇళ్లు దొరకాలని 2012లో ‘ప్రాజెక్ట్ అడోర్’ అనే పథకం వచ్చింది. అంటే కుండీ, కుక్కపిల్ల ఒకే ఇరుకు జాగాలో పక్కపక్కనే పెరుగుతున్నాయి. పళ్లు వచ్చే వయసులో కుక్కపిల్ల దేన్నయినా కొరుకుతుంది. కుండీలో పాకుతున్న చిక్కుడు తీగనూ వదలదు. అప్పుడు యజమానికి వచ్చే మొదటి ప్రశ్న: ఇది కుక్కకు విషమా, కాదా?

‘విషం’, ‘విషం కాదు’ అని ఒక్క మాటలో తేల్చే జాబితాలు చాలా ఉన్నాయి. బీన్స్ విషయంలో ఆ ఒక్క మాట చాలదు. లేత బీన్స్ కాయను, బరువు తగ్గాల్సిన కుక్కకు చిరుతిండిగా పెట్టమని పశువైద్యులే చెబుతారు. ఆ కాయే ముదిరి, ఎండి, లోపలి గింజ పచ్చిగా కుక్క కడుపులోకి వెళితే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. మొక్క ఒక్కటే. తేడా అంతా ఏ భాగం, ఏ వయసు, ఎంత ఉడికింది అన్న మూడు విషయాల్లో ఉంది. ఈ మూడూ అర్థమైతే జాబితాలతో పనిలేదు.

గింజకు రక్షణ ఎందుకు?

తీగకు పరుగెత్తే కాళ్లు లేవు, కరిచే పళ్లు లేవు. అది తన శక్తినంతా కూడగట్టి గింజలో దాస్తుంది. పిండిపదార్థం, మాంసకృత్తులు నిండిన ఆ గింజ కోసం పురుగు నుంచి పశువు దాకా అన్నీ కాచుకుని ఉంటాయి. కాబట్టి చిక్కుడు కుటుంబపు మొక్కలు గింజల్లో రసాయన రక్షణను ఏర్పరచుకున్నాయి. అందులో ముఖ్యమైనవి లెక్టిన్లు అనే మాంసకృత్తులు.

లెక్టిన్ల చరిత్ర మనకు బాగా తెలిసిన గింజతోనే మొదలైంది. 1888లో డోర్‌పాట్ విశ్వవిద్యాలయంలో (ఇప్పటి ఎస్టోనియాలోని టార్టు) పీటర్ హెర్మన్ స్టిల్‌మార్క్ అనే పరిశోధకుడు ఆముదం గింజల సారాన్ని రక్తంలో కలిపి చూశాడు. ఎర్రకణాలు ఒకదానికొకటి అంటుకుని ముద్దలు కట్టాయి. అలా ముద్దకట్టించిన పదార్థానికి ఆయన రైసిన్ అని పేరు పెట్టాడు. తర్వాత ఎన్నో గింజల్లో ఈ గుణం బయటపడింది. రాజ్మాలో ఉన్న లెక్టిన్ పేరు ఫైటోహీమాగ్లుటినిన్. ఫ్రెంచ్ బీన్స్, రాజ్మా ఒకే జాతి మొక్క కాయలు, గింజలు. శాస్త్రీయ నామం ఫేసియోలస్ వల్గారిస్. లేతగా కోస్తే బీన్స్, ముదరనిచ్చి ఎండబెడితే రాజ్మా.

ఈ లెక్టిన్ కణాల పైపొర మీదుండే చక్కెర అణువులను పట్టుకుంటుంది. ఎర్రకణాల మధ్య చిక్కుకుంటే వాటిని ముద్ద చేస్తుంది. పేగు గోడ కణాలకు అంటుకుంటే వాటి సన్నని నూగును దెబ్బతీసి, ఆహారం ఇంకకుండా అడ్డుపడుతుంది. జీర్ణరసాలు మామూలు మాంసకృత్తులను ముక్కలు చేసినంత తేలిగ్గా దీన్ని చేయలేవు. అందుకే అది పేగు దాకా చెక్కుచెదరకుండా చేరుతుంది. శరీరం దాన్ని బయటికి తోసేయడానికి చేసే ప్రయత్నమే ఆ వాంతులు, విరేచనాలు. ఇదే పదార్థం వైద్యానికి ఒక మేలూ చేసింది. 1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, ఫైటోహీమాగ్లుటినిన్ తగిలితే తెల్ల రక్తకణాలు విభజన చెందుతాయని కనిపెట్టాడు. మనిషి క్రోమోజోములను రక్తం చుక్కలోంచి చూసే పరీక్షలకు అది దారి తీసింది.

పొయ్యి మీద ఏం జరుగుతుంది?

గింజలో లెక్టిన్ ఎంత ఉందో కొలిచే పద్ధతి స్టిల్‌మార్క్ ప్రయోగానికి కొనసాగింపే. గింజ సారాన్ని నీళ్లతో పలచన చేస్తూ పోతారు. ఎంత పలచన చేసినా ఎర్రకణాలు ఇంకా ముద్దకడుతున్నాయో చూస్తారు. ఆ కొలతలో పచ్చి ఎర్ర రాజ్మాకు 20,000 నుంచి 70,000 యూనిట్లు వస్తాయి. బాగా ఉడికిన రాజ్మాకు 200 నుంచి 400. తెల్ల రాజ్మాలో ఎర్రదానిలో మూడో వంతు ఉంటుంది.

ఇంత తేడా రావడానికి కారణం లెక్టిన్ మాంసకృత్తి కావడమే. వేడికి గుడ్డు తెల్లసొన ఎలా రూపు మారి గట్టిపడుతుందో, లెక్టిన్ మడతలూ అలాగే విడిపోతాయి. మడత పోయాక చక్కెరలను పట్టుకునే శక్తీ పోతుంది. అయితే వేడి చాలినంత ఉండాలి. అమెరికా ఆహార, ఔషధ సంస్థ సూచన ప్రకారం గింజలను కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో అరగంట సేపు తెర్లబెట్టాలి. సగం వేడి మరింత ప్రమాదం. 80 డిగ్రీల దగ్గర నెమ్మదిగా ఉడికే స్లో కుక్కర్లలో గింజ మెత్తబడుతుంది కానీ లెక్టిన్ నశించదు. పచ్చి గింజ కన్నా విష తీవ్రత ఐదు రెట్ల దాకా పెరగవచ్చని ఆ సంస్థే హెచ్చరిస్తుంది. మన ప్రెషర్ కుక్కర్‌తో ఆ భయం లేదు. అందులో వేడి మామూలు మరుగు స్థాయిని దాటి 120 డిగ్రీల దగ్గరికి వెళుతుంది.

1976లో బ్రిటన్‌లో సెలవులకు వెళ్లిన బడిపిల్లలు నానబెట్టిన రాజ్మాను ఉడికించకుండా తిని జబ్బుపడ్డారు. 2006లో జపాన్‌లో ఒక టీవీ కార్యక్రమం, తెల్ల చిక్కుడు గింజలను కాసేపు వేయించి పొడి చేసి తింటే బరువు తగ్గుతారని చెప్పింది. చూసి ఆచరించిన ఎందరో వాంతులతో ఆస్పత్రుల పాలయ్యారు. పొడి వేపుడు వేడి చాలలేదు. మనిషి జబ్బుపడటానికి నాలుగైదు పచ్చి గింజలు చాలు. ఒకటి నుంచి మూడు గంటల్లో లక్షణాలు మొదలవుతాయి. అరవై కిలోల మనిషికే ఇంత తక్కువ చాలితే, నాలుగైదు కిలోల కుక్కపిల్ల విషయంలో ఎంత జాగ్రత్త అవసరమో వేరే చెప్పనక్కర్లేదు.

కుక్క కడుపు తీరు

కుక్క తోడేలు సంతతే అయినా తోడేలు కాదు. మనిషి ఊళ్ల చుట్టూ వేల ఏళ్లు తిరిగి, మన ఎంగిలి మెతుకులు తిని, దాని జీర్ణశక్తే మారిపోయింది. 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన పరిశోధన ప్రకారం, పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉంటే, కుక్కల్లో 4 నుంచి 30 దాకా ఉన్నాయి. ఉడికిన బీన్స్, అన్నం మెతుకులు కుక్కకు అరగడానికి అది ఒక కారణం.

అరగనివీ ఉన్నాయి. చిక్కుడు గింజల్లో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలుంటాయి. వాటిని విడగొట్టే ఎంజైము మనకూ లేదు, కుక్కకూ లేదు. అవి పెద్దపేగు దాకా వెళ్లి అక్కడి సూక్ష్మజీవుల చేతిలో పులుస్తాయి; గ్యాస్ తయారవుతుంది. ఇది విషం కాదు, ఇబ్బంది మాత్రమే.

పప్పుధాన్యాల మీద ఇంకో చర్చ కూడా జరిగింది. ధాన్యం లేకుండా బఠానీ, మసూర పప్పు వంటివి ఎక్కువగా కలిపిన కుక్కల తిండికీ, గుండె కండరం వ్యాకోచించే జబ్బుకూ సంబంధం ఉందేమోనని 2018 జూలైలో అమెరికా ఆహార, ఔషధ సంస్థ హెచ్చరించింది. సంబంధాన్ని నిర్ధారించే ఆధారం చాలలేదని తర్వాత ఆ సంస్థే చెప్పింది. ఈ చర్చ రోజువారీ ప్రధాన ఆహారం గురించి. అప్పుడప్పుడు పెట్టే నాలుగు బీన్స్ ముక్కల గురించి కాదు. చిరుతిండి ఏదైనా రోజు మొత్తం కేలరీల్లో పదో వంతు దాటకూడదన్నది పశువైద్యుల సాధారణ సూత్రం.

తీగను భాగాలుగా చూద్దాం

లేత కాయ విరిస్తే టప్పుమని విరుగుతుంది. లోపల గింజ ఇంకా బియ్యపు గింజంత ఉంటుంది. లెక్టిన్ పేరుకునేది ముదిరే గింజలో కాబట్టి, ఈ దశలో అది చాలా తక్కువ. ఇలాంటి కాయను ఉప్పు, కారం, నూనె లేకుండా ఉడికించి చిన్న ముక్కలు చేసి పెడితే కుక్కకు మంచి తిండి. కుండీలోంచి ఒక పచ్చి లేత కాయ లాక్కుని నమిలినా కంగారు పడక్కర్లేదు.

అదే కాయను కోయకుండా వదిలేయండి. తొక్క పసుపు తిరిగి, కాగితంలా ఎండి, ఊపితే గింజలు గలగలమంటాయి. కుక్కపిల్లకు ఆ చప్పుడే ఆకర్షణ. తొక్క చీలి గింజలు కింద రాలుతాయి. కుక్కకు అందనివ్వకూడనిది ఈ దశే. ఎండు గింజ గట్టిగా ఉంటుంది కాబట్టి మింగితే ఒక్కోసారి అలాగే బయటికి వచ్చేస్తుంది. నమిలినా, ముందే నానినా లెక్టిన్ బయటపడుతుంది. చిన్న కుక్క ఎక్కువ గింజలు మింగితే అవి లోపల ఉబ్బి పేగుకు అడ్డుపడే ప్రమాదమూ ఉంది.

రెండు ఆకులు, ఒక పువ్వు నమిలితే సాధారణంగా ఏమీ కాదు. కాస్త కడుపు చెడవచ్చు. నేల తవ్వి వేర్లు తినే అలవాటున్న కుక్కను మాత్రం ఏ తీగ కుండీ దగ్గరికీ రానివ్వకూడదు.

మన ఇళ్లలో తీగ కన్నా పెద్ద ప్రమాదం వంటింట్లో ఉంది. రేపటి కూర కోసం రాత్రి నానేసిన రాజ్మా గిన్నె అది. నాని మెత్తబడిన పచ్చి గింజలు, లెక్టిన్ దిగిన నీళ్లు, కుక్క మూతికి అందే ఎత్తు. ఆ గిన్నె ఎప్పుడూ గట్టు మీదే, మూత పెట్టి ఉండాలి. మొలకలు చేసుకునే వాళ్లకూ ఒక మాట: పెసల్లో లెక్టిన్ చాలా తక్కువ, వాటి మొలకలతో ఈ భయం లేదు. రాజ్మా మొలకెత్తినంత మాత్రాన విషం పోదు, ఉడకాల్సిందే.

సింగపూర్ కుండీల్లో నిజంగా ఉన్నవి

ఫ్రెంచ్ బీన్స్‌కు చల్లదనం కావాలి. వేడి ముప్పై డిగ్రీలు దాటితే పూత రాలిపోతుంది. సింగపూర్ మధ్యాహ్నాలు దాదాపు రోజూ ఆ గీత దాటుతాయి. అందుకే ఇక్కడి కుండీల్లో ఎక్కువగా పాకేవి వేడిని తట్టుకునే దాని బంధువులు: మూరెడు పొడవు కాసే బొబ్బర్లు, నాలుగు రెక్కల చిక్కుడు, మన చిక్కుడు, శంఖుపుష్పం.

పొడుగు బొబ్బర్ల లేత కాయలకు బీన్స్ సూత్రమే వర్తిస్తుంది. మన చిక్కుడు విషయంలో ఒక అదనపు సంగతి ఉంది. దాని ముదురు ఎండు గింజల్లో, లైమా బీన్స్‌లో ఉన్నట్టే, సైనైడ్‌ను విడుదల చేసే పదార్థాలుంటాయి. గింజ నలిగినప్పుడు ఎంజైము వాటిని తాకి సైనైడ్ పుడుతుంది. హైడ్రోజన్ సైనైడ్ 26 డిగ్రీలకే ఆవిరవుతుంది కాబట్టి, అలాంటి గింజలను నీళ్లు మారుస్తూ, మూత తీసి ఉడికించడం మంచిది. కుక్కకు అసలు పెట్టకపోవడం ఇంకా మంచిది.

శంఖుపుష్పం పూలతో ఇక్కడి పెరనకన్ సమాజపు వంటవాళ్లు అన్నానికీ, పిండివంటలకూ నీలిరంగు అద్దుతారు. ఆ పూలతో పేచీ లేదు. దాని గింజలు, వేర్లు మాత్రం ఆయుర్వేదం ఎరిగిన విరేచనకారులు. కాయలు ఎండకముందే తుంచేస్తే సరి.

కుండీల్లోనివి కాకపోయినా ఇంటికి చేరే గింజలూ ఉన్నాయి. సింగపూర్ పార్కుల్లో పిల్లలు ఏరుకునే ఎర్రటి సాగా గింజలు ఒక పెద్ద చెట్టువి. పూర్తిగా ఎరుపు, గుండె ఆకారం. మన కంసాలులు తూకానికి వాడిన గురివింద దీనికి భిన్నం. దానిది సన్నని తీగ, గింజ మీద నల్లటి చుక్క. గురివిందలో ఉండే ఏబ్రిన్, ఆముదంలోని రైసిన్‌కు దగ్గరి చుట్టం. కణాల్లో మాంసకృత్తుల తయారీనే ఆపేస్తుంది. నమిలిన గింజలు కొద్దిగానే అయినా ప్రాణం మీదికి వస్తుంది. సాగా గింజలను కూడా పచ్చిగా తిననివ్వకూడదు. కుక్క గురివింద నమిలిందని అనుమానం వస్తే మాత్రం లక్షణాల కోసం ఎదురుచూడకుండా వైద్యుని దగ్గరికి బయల్దేరాలి.

తీగ చుట్టూ ఉన్నవి

బీన్స్ తీగను కొరికిన కుక్క జబ్బుపడితే, అసలు దోషి ఒక్కోసారి తీగ కాదు, దాని మొదట్లో చల్లినది. నత్తల బెడదకు వాడే గుళికల్లో మెటాల్డిహైడ్ ఉంటుంది. దాన్ని తిన్న కుక్కకు వణుకు, మూర్ఛలు, విపరీతమైన జ్వరం వస్తాయి. ఎముకల పొడి, రక్తం పొడి ఎరువులు వాసనకే కుక్కను లాగుతాయి. ఆముదం చెక్క మన రైతులకు ఇష్టమైన ఎరువు. సరిగా వేడి చేయని చెక్కలో రైసిన్ మిగిలి ఉంటుంది, కుక్కలు దాన్ని తిని చనిపోయిన సందర్భాలున్నాయి. కుక్క ఉన్న ఇంట్లో ఇవేవీ వద్దు. తీగ పాకడానికి కట్టే నైలాన్ తాడునూ మరవకండి. మింగిన తాడు పేగును ముడుచుకునేలా లాగి కోసేస్తుంది. ఆపరేషన్ దాకా వెళుతుంది. వెదురు పుల్ల, గట్టి కర్ర మేలు.

వంటలో ఉల్లి, వెల్లుల్లి మరో ప్రమాదం. దీనికి మనుషుల్లో ఒక పోలిక ఉంది. సింగపూర్‌లో 1965 నుంచి పుట్టిన ప్రతి బిడ్డకూ జి6పీడీ అనే ఎంజైము లోపం ఉందేమో పరీక్షిస్తున్నారు. ఆ లోపమున్న బిడ్డ బాక్లా చిక్కుడు తింటే ఎర్రకణాలు ఆక్సీకరణ దెబ్బకు పగిలిపోయి రక్తహీనత రావచ్చు. ఉల్లిలోని గంధక పదార్థాలు కుక్క ఎర్రకణాలకు అలాంటి దెబ్బే తీస్తాయి. ఏ కుక్కకైనా ఈ బలహీనత ఉంది. అకిటా, షిబా వంటి జపాన్ జాతులకు మరీ ఎక్కువ. శరీర బరువులో అరశాతం ఉల్లి ఒక్కసారి తింటేనే ప్రమాదం మొదలవుతుంది. అంటే ఐదు కిలోల కుక్కకు పాతిక గ్రాములు, ఒక చిన్న ఉల్లిపాయ. లెక్టిన్‌లా ఉల్లి విషం ఉడికితే పోదు. కాబట్టి తాలింపు పెట్టిన బీన్స్ కూర, సాంబారు, డబ్బా బీన్స్ కుక్క కోసం కావు. దానికి పెట్టే ముక్కలను తాలింపుకు ముందే పక్కకు తీయాలి.

తినేస్తే?

నోట్లో మిగిలింది తీసేయండి. ఏం తిన్నది, ఎంత, ఎప్పుడు అన్నది గుర్తుపెట్టుకుని, గింజ ఉంటే గింజ, మొక్క ఉంటే ఫొటో, ఎరువు ఉంటే దాని సంచీ తీసుకుని పశువైద్యునికి ఫోన్ చేయండి. సింగపూర్‌లో రాత్రిపూట తెరిచి ఉండే పశువైద్యశాలలు ఉన్నాయి; వాటిలో ఒకదాని నంబరు ముందే ఫోన్‌లో పెట్టుకోండి. ఉప్పు నీళ్లు తాగించి వాంతి చేయించే పాత పద్ధతి వద్దు, ఉప్పే విషమవుతుంది. ఒకటి రెండు ఆకులు, లేత కాయలు అయితే నీళ్లు పెట్టి గమనిస్తే చాలు. పచ్చి గింజలు అయితే వెంటనే ఫోన్ చేసి సలహా అడగండి. వాంతులు ఆగకపోయినా, కుక్క నీరసించినా వైద్యుని దగ్గరికి తీసుకెళ్లాలి. నత్తల మందు, గురివింద, ఆముదం అయితే ఒక్క నిమిషం కూడా ఆగకూడదు.

బీన్స్ తీగను కుక్క ఉన్న ఇంట్లో నిశ్చింతగా పెంచుకోవచ్చు. కాయలు లేతగా ఉండగానే కోయండి, రాలిన గింజలు ఏరేయండి, నానేసిన గింజల మీద మూత పెట్టండి, కుండీలో మందులు చల్లకండి, కుక్కకు ఉప్పూ ఉల్లీ లేని ముక్కలే పెట్టండి. ఈ ఐదూ పాటిస్తే కుండీని తీసేయాల్సిన అవసరమూ రాదు, కుక్కను కట్టేయాల్సిన అవసరమూ రాదు.